మూగ కంప్యూటర్ సాక్ష్యం

"ఇది చచ్చిపోయింది సార్. పోస్టుమార్టం కూడా అయిపోయింది," అన్నాడు ప్రమోద్, బల్ల మీది పాత కంప్యూటర్‌ని వేలితో తట్టి.

డిటెక్టివ్ పైడిరాజు గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆ మాట విన్నాడు. తనకంటే ముందు ఇంకొకడొచ్చి కేసు తేల్చేశానంటే ఆయనకు అన్నంలో రాయి తగిలినట్టుంటుంది. ఇరవై ఏళ్ళు పోలీసు వైర్‌లెస్‌లో పనిచేసి, ఆ పైన విజయనగరంలో సొంతంగా బోర్డు కట్టుకున్న మనిషి. ఆ బోర్డు మీద పేరుకంటే 'డిటెక్టివ్' అన్న మాటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. గర్వమా అంటే గర్వమే, దాన్నాయన ఎప్పుడూ దాచుకోలేదు.

"పోస్టుమార్టం సేసినోడు డాక్టరో, కసాయో ముందు తేలాల కదా," అంటూ లోపలికొచ్చాడు.

గదిలో ఉన్నది నలుగురు. కుర్చీలో ఎస్సై దేవేంద్ర, చేతి గడియారం చూసుకుంటున్నాడు; అతని కానిస్టేబుల్ గుమ్మం బయట కాపలా ఉన్నాడు. బల్ల పక్కన ప్రమోద్, విశాఖ నుంచి దిగిన ప్రైవేటు డిటెక్టివ్, ఇస్త్రీ మడత నలగని చొక్కా. గోడకి చేరగిలబడి ఇంటామె సుభద్రమ్మ. ఆమె పక్కన, చేతులు కట్టుకుని, ఎవరి ముందూ తల దించని కూతురు నీలవేణి.

కేసు పెద్ద చిక్కుముడేం కాదు. బొబ్బిలిలో వీణలు చెక్కే నరసింగరావు దీపావళి వెళ్ళిన వారానికి కాలం చేశాడు. చివరి రోజుల్లో చేతులు వణికి ఆయన ఉలి పట్టలేకపోతే కూతురు పట్టింది. ఒకే పనస మానులో కుండ, మెట్లుండే పొడుగు దండి, కొసన యాళి మృగం ముఖం అన్నీ తొలిచి ఏకాండి వీణ ఒకటి తయారుచేసింది. తండ్రి పోయాక వ్యాపారి చంద్రమౌళి వచ్చి, షాపులో నాలుగు రోజులు చూపించి తెచ్చేస్తానని దాన్ని పట్టుకెళ్ళాడు. అడగ్గా అడగ్గా, "అది నా కార్ఖానా సరుకు, ఢిల్లీ పంపుతున్నాను, ఆడపిల్ల వీణ చెక్కడమేంటి" అన్నాడు. నీలవేణి పట్టపగలు అతని షాపులోకి వెళ్ళి, వీణని భుజానేసుకుని, బజారంతా చూస్తుండగా ఇంటికి నడిచొచ్చింది. చంద్రమౌళి దొంగతనం కేసు పెట్టి, పైగా ప్రమోద్‌ని కూడా పెట్టుకున్నాడు. పోలీసులు వీణని పట్టుకెళ్ళారు, సుభద్రమ్మ పైడిరాజుకి కబురు పెట్టింది.

ఆ ఇంట్లో తాతల నాటి ఆచారం ఒకటుంది. దండి మీద మైనం పోసి, స్వరం చూసుకుని మెట్లు నిలబెట్టడాన్ని మేళం కట్టడమంటారు. మేళం కట్టాక ఇంటి పెద్ద ఒక్కడే తలుపేసుకుని ఆ వీణని తొలిసారి మీటుతాడు. అది ఏ ఊరి పనసో, చెక్కినదెవరో, పనితనం ఎలా ఉందో వీణకే చెబుతాడు. దాని పేరు తొలిమాట. చెక్కినవాళ్ళు మాత్రం వినకూడదు, వీణ అమ్ముడై గడప దాటి వెళ్ళాకే వినాలి. పొగడ్త ముందే చెవిన పడితే చెయ్యి బరువెక్కుతుందని వాళ్ళ నమ్మకం. ఇంటికి కంప్యూటర్ వచ్చినప్పట్నుంచి నరసింగరావు తొలిమాటలన్నీ అందులో రికార్డు చేశాడు. నీలవేణి వీణది కూడా అందులోనే ఉంది. ఆ గొంతొక్కటే ఆమె తరఫు సాక్షి. తీరా అవసరం పడ్డప్పుడు కంప్యూటర్‌లో శబ్దం పోయింది.

"చూడండి పైడిరాజు గారూ," అన్నాడు దేవేంద్ర. "ప్రమోద్ నా ఎదురుగానే పరీక్ష చేశాడు. ఏ ఫైలు నొక్కినా కిక్కురుమనలేదు. బోర్డు కాలిపోయిందన్నాడు. సాయంత్రం ఈ అమ్మాయిని స్టేషన్‌కి తీసుకెళ్ళక తప్పదు."

"సాయంత్రం దాకా టైమున్నాది కదండీ. నాకు అంత అక్కర్లేదు."

ప్రమోద్ నవ్వాడు. "అసలు ఆ ఫైల్లో ఏముందో ఈవిడే ఎప్పుడూ వినలేదట! వాళ్ళ నాన్న ఈవిడ పేరే చెప్పాడని నమ్మకం ఏంటి? తన పేరే చెప్పుకుని ఉంటాడు. ఏ తండ్రయినా అంతే."

నీలవేణి దవడ బిగుసుకుంది. ఆ మాట ఆమెకి తగిలిందని పైడిరాజుకి తెలిసిపోయింది. ఎందుకంటే రాత్రి పడుకునే ముందు ఆమె తనకు తాను వేసుకునే ప్రశ్న కూడా అదే అయి ఉంటుంది. నాన్న ఎదురుగా ఎప్పుడూ 'బాగుందే' అనలేదు మరి.

"తల్లీ, ఇలా కూకో," అన్నాడు పైడిరాజు. "అడిగినదానికి సెప్పు. శబ్దం ఎప్పట్నించి లేదు?"

"భావనపాడు నుంచి వచ్చినకాణ్ణించండి. నాన్న అస్తికలు సముద్రంలో కలపడానికి ఎళ్ళాం. పిన్ని ఊరే, రెండు రోజులుండిపోయాం. ఎళ్ళకముందు బాగానే పలికినాది. వచ్చి ఏసి సూస్తే లేదు."

"శబ్దమొకటేనా, ఇంకేటయినా మారినాదా?"

నీలవేణి ఆలోచించింది. "స్విచ్ ఎయ్యగానే పాస్‌వర్డ్ అడిగేది. నాన్నే పెట్టించాడు, మన వీణల పలుకు పరాయోడు ఎత్తుకుపోకుండాని. అది అడగడం మానీసింది. తేదీ కూడా తిన్నగా సూపించట్లేదు. ముసల్దయిపోయింది, మతి తప్పిందనుకున్నాను."

పైడిరాజు ముఖం వెలిగింది. "మతి తప్పడం కాదమ్మా, దాని తల మీద ఎవుడో కొట్టాడు. మీరు ఊరెళ్తే తాళంచెవి ఎక్కడెడతారు?"

సమాధానం సుభద్రమ్మ చెప్పింది. "పెరట్లో పనస దుంగల సందున పెడతాం బాబూ. సరుక్కొచ్చినోళ్ళు మేం లేపోతే తీసుకుని లోపల కూకుంటారు. మా అత్త కాలం నించీ అంతే."

"సంద్రమౌళికీ తెలుసునా?"

"ఆయనకి తెలీకేటి. ఎన్నిసార్లు తీసుకున్నాడో!"

దొంగకి తాళంచెవి చూపించి ఊరెళ్ళే ఇళ్ళు ఇంకా ఉన్నాయన్నమాట అనుకున్నాడు పైడిరాజు. ప్రమోద్ వైపు తిరిగాడు. "బాబూ, నువ్వీ ఇంటికి రావడం ఇదే మొదలా?"

"పొద్దున్న ఎస్సై గారి జీపులో వచ్చాను. అంతకుముందు ఈ వీధి కూడా నాకు తెలీదు."

"పరీక్ష అన్నావు. మూత విప్పేవా?"

"అక్కర్లేదండి. డబ్బా పాతది, సౌండ్ రాదు, అంతే. నేను స్క్రూ కూడా ముట్టుకోలేదు."

"ముట్టుకోలేదు, నేను చూశాను," అన్నాడు దేవేంద్ర.

"మంచిది. ఈ మాట గుర్తెట్టుకోండి ఎస్సై గారూ. మళ్ళీ అడుగుతాను."

పైడిరాజు చొక్కా చేతులు మడిచాడు. ముందుగా కంప్యూటర్ జోలికి పోలేదు. స్పీకర్ల తీగ వెనకనుంచి ఊడదీసి తన ఫోనుకి గుచ్చి ఏదో పాట పెట్టాడు. స్పీకర్లు ఖణీమన్నాయి. సుభద్రమ్మ ఉలిక్కిపడింది.

"స్పీకర్లకి రోగం లేదు. తీగకీ లేదు. అంటే రోగం పెట్టెలోనే," అంటూ నేల మీద బోర్లా పడుకుని కంప్యూటర్ వీపు చూశాడు. వయసుకి ఆ పని మోకాళ్ళు ఒప్పుకోలేదు గాని, ప్రమోద్ ఎదురుగా మూలిగితే పరువు పోతుందని పళ్ళు బిగించాడు.

వెనక శబ్దం గుచ్చే రంధ్రాలు రెండు చోట్ల ఉన్నాయి. పైన బోర్డుతో పాటు వచ్చినవి. కింద విడిగా బిగించిన కార్డువి. "ఇదేటమ్మా, రెండున్నాయి?"

"ఓపాలి పిడుగు పడితే పైవి మాడిపోయాయండి," అంది నీలవేణి. "విజయనగరం నుంచి మెకానిక్కుని తెచ్చి నాన్న కింద కొత్త కార్డు ఏయించాడు. పైవి పనిచెయ్యకుండా ఆపీసి, స్పీకర్లు కిందదానికి కలిపాడా మెకానిక్కు."

"ఆపీసింది ఎక్కడ, స్విచ్ వేసినప్పుడు వచ్చే నీలం తెర మీదేనా? పాస్‌వర్డ్ పెట్టించిన చోటే?"

"ఆఁ, అక్కడే."

పైడిరాజు లేచి చేతులు దులుపుకున్నాడు. ఆ తర్వాత వంగి, పెట్టె పక్క మూత మీద పసుపు రాసి పెట్టిన కుంకుమ బొట్టు దగ్గర కళ్ళు చిన్నవి చేసుకున్నాడు. "ఈ బొట్టెవరు పెట్టినారు?"

"నాన్నే," అంది నీలవేణి. "దసరాకి ఆయుధపూజ సేస్తాం గదండీ. ఉలికీ, సుత్తికీ, చిత్రికకీ పెట్టి దీనికీ పెట్టాడు. అదే ఆకరి దసరా. అందుకే తుడవలేదు."

"ఎస్సై గారూ, ఇలా రండి. బొట్టు ఎక్కడుందో సూడండి. సగం మూత మీద, సగం చట్రం మీద, సరిగ్గా అతుకు మీద పెట్టాడాయన. ఇప్పుడా రెండు సగాలూ కలుస్తున్నాయా?"

దేవేంద్ర వంగి చూశాడు. మూత మీది అరచంద్రం కిందకి జారి ఉంది. చట్రం మీది అరచంద్రం పైనే ఉండిపోయింది. అతుకు దగ్గర పసుపు పెచ్చు రాలింది.

"దసరా తర్వాత మూత విప్పి మళ్ళీ బిగించారు," అన్నాడు దేవేంద్ర నెమ్మదిగా.

"అదండీ! నరసింగరావు మేష్టారు తెలీకుండానే సీలేసి పోయాడు. దసరా తర్వాత దీన్ని ఎవరైనా బాగుచేయించారా తల్లీ?"

"ఎవరూ ముట్టుకోలేదండి."

ప్రమోద్ అడ్డొచ్చాడు. "సార్, ఈయన సాక్ష్యాన్ని పాడుచేస్తున్నాడు. పూజ బొట్టు చూసి కేసు తేల్చడం ఏ సైన్సు? ఈ డబ్బాని ల్యాబుకి పంపుదాం, రెండు నెలల్లో రిపోర్టు వస్తుంది."

"రెండు నెలలు ఈ పిల్ల ఎక్కడుంటాది, మీ ఇంట్లోనా?" అన్నాడు పైడిరాజు. "బాబూ, నీకు ల్యాపుటాప్ తెలుసు. నాకు ఇలాటి ముసలి పెట్టెలు తెలుసు. నేనూ ఇవీ ఒక ఈడువాళ్ళం. కాస్త ఓపిక పట్టు."

స్క్రూలు విప్పి మూత తీశాడు. లోపల ఏళ్ళ నాటి దుమ్ము, దాని మీద పనస పొట్టు పచ్చగా పరుచుకుని ఉంది. ఆ దుమ్ములో ఒక్కటే మెరుస్తోంది, రూపాయి బిళ్ళంత బ్యాటరీ. దాని చుట్టూ వేళ్ళు తిరిగిన జాడ.

"దీన్ని పీకి మళ్ళీ పెట్టాడండి ఎస్సై గారూ. పాత కంప్యూటర్లకి ఇదే ప్రాణం, ఇదే మతి. పీకితే పాస్‌వర్డ్ మర్చిపోతాది. దొంగకి కావలసింది అదే. కాని దాంతో పాటు తేదీ కూడా మర్చిపోతాది. పిడుగుకి మాడిన పాత రంధ్రాల్ని ఆపీసిన సంగతీ మర్చిపోతాది. అందుకని పెట్టె శబ్దాన్నంతా ఆ మాడిన దారిలో పంపుతోంది, స్పీకర్లేమో కింద కార్డుకి ఉన్నాయి. శబ్దం పోవాలని దొంగ అనుకోలేదు. వాడు తన పనేదో సేసుకుని పోయాడు. ఈ పెట్టే నోరు మూసుకుని, నా మీద సెయ్యి పడిందని సెప్తన్నాది!"

ఈ మాటంటున్నప్పుడు పైడిరాజు ఛాతీ రెండంగుళాలు పెరిగిందంటే అతిశయోక్తి కాదు. ఆ ఉపన్యాసం వినడానికి గదిలో ఇంకో పదిమంది ఉంటే బాగుండునని కూడా ఆయనకు అనిపించింది.

మూత పెట్టి, స్విచ్ వేశాడు. శబ్దాల సెట్టింగు తెరిచాడు. పేర్లు రెండున్నాయి, ఎంపికై ఉన్నది పైదే. కిందదాన్ని ఎంచి, స్పీకర్ల తీగ తిరిగి కార్డుకి గుచ్చి, తొలిమాటల ఫోల్డర్లో మొదటిదాన్ని నొక్కాడు.

వీణ తీగ ఒకటి గదంతా మోగింది. దాని వెనకే నరసింగరావు గొంతు, కాస్త జీరగా. "ఇది బాడంగి పనస. సెక్కింది నాను..."

సుభద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వెంట జారి కూచుంది. నీలవేణి కదల్లేదు. కళ్ళు మాత్రం నిండాయి.

ప్రమోద్ ముఖంలో రంగు మారి, వెంటనే సర్దుకుంది. "శభాష్. ఒప్పుకున్నాను. ఇప్పుడు ఈవిడ వీణది వెయ్యండి. అందులో ఏమీ లేకపోతే కేసు ముగించాలి. ఒప్పుకుంటారా?"

"ఆ ఫైల్లో ఏటీ లేదని నీకెలా తెలుసు?"

"లేకపోతే అన్నాను."

పైడిరాజు తెర మీద వేలు పెట్టి చూపించాడు. "ఎస్సై గారూ, నీలవేణి పేరున్న ఫైలు ఇది. పక్కన తేదీ సదవండి."

"2005 జనవరి ఒకటి."

"ఈ కంప్యూటర్ మీ ఇంటికెప్పుడొచ్చింది తల్లీ?"

"2008లోనండి. నాను పది పాసయినప్పుడు."

"పెట్టె పుట్టకముందే ఫైలు పుట్టింది! బ్యాటరీ పీకితే పెట్టె వెనక్కి పోయి ఆ తేదీలో కూకుంటాది. అంటే ఈ ఫైలు మీద సెయ్యేసినది బ్యాటరీ పీకినోడే. ఏటి సేశాడో విందాం."

నొక్కాడు. కొద్దిసేపు గాలి వీచిన చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రమోద్ చేతులు కట్టుకుని కిటికీ వైపు చూశాడు. నీలవేణి పెదవి కొరుక్కుంది.

అప్పుడు గొంతొకటి వచ్చింది. దూరంగా, కాని స్పష్టంగా.

"...అయిపోయింది చంద్రమౌళి గారూ. పాస్‌వర్డ్ నాకొక లెక్కా? ఇప్పుడు ఆ ఫైలు మీదే నిశ్శబ్దం రికార్డు చేస్తున్నాను. పేరు పేరులాగే ఉంటుంది, లోపల గాలి. తీసేస్తే ఎవరో తీశారంటారు. ఇలాగైతే పిల్లే అబద్ధమాడిందంటారు. ఎలా ఉంది నా తెలివి?... లేదు లేదు, మన మాటలు పడవు, దీనికి మైకే లేదు, రంధ్రం ఖాళీగా ఉంది. వీణ చేతికొచ్చిన రోజే మైనం కరిగించి కొత్త మేళం కట్టించేయండి, ఆ తర్వాత బ్రహ్మదేవుడొచ్చినా..."

గదిలో అందరి కళ్ళూ ఒక్కచోటికే తిరిగాయి. ప్రమోద్ కుర్చీ పట్టుకున్నాడు.

"మైకు..." అన్నాడు, బల్ల చుట్టూ చూపుతో వెతుకుతూ.

నీలవేణి గోడకి వేలాడుతున్న పాత సొరకాయ బుర్రని చూపించింది. విరిగిన వీణదెప్పటిదో. దాని కింది నుంచి సన్నటి తీగ బల్ల వెనక్కి పోతోంది. "బయట ఆటోల గోల పడకుండా నాన్న మైకుని ఆ బుర్రలో పెట్టాడు. రంధ్రానికి కాదు, పెన్‌డ్రైవ్ పెట్టే సోట గుచ్చుతాం."

"మూగదయింది గాని చెవిటిది కాలేదు బాబూ," అన్నాడు పైడిరాజు. "రికార్డవుతున్నప్పుడు తెర మీద పచ్చగీత ఎగురుతాది. సూసుంటే తెలిసేది. ఫోన్లో గొప్పలు సెప్పుకునేవోడికి తెర సూసే తీరికెక్కడిది? ఈ వీధే తెలీదన్నావు, ఎస్సై గారు విన్నారు."

అంతలో స్పీకర్లలో టక్కుమని చిన్న చప్పుడైంది. ఆ పాత రికార్డరు ఒకసారి నొక్కితే నిమిషం సేపే రికార్డు చేస్తుంది, ఇంకా సాగాలంటే మళ్ళీ నొక్కాలి. ప్రమోద్ నిశ్శబ్దం అక్కడితో అయిపోయింది. దాని కింద చెరగకుండా మిగిలిన అసలు తొలిమాట, మధ్యలోంచి బయటికొచ్చింది.

"...సెక్కింది నాను కాదు," అంటున్నాడు నరసింగరావు. "కుండ తొలిసింది, దండి తీసింది, మేళం కట్టింది, అంతా మా నీలవేణి. ఈ పలుకు మా తాత సేతిలో లేదు, నా సేతిలో లేదు. దాని ఎదర అనకూడదు గాని, నీకు సెప్తన్నాను ఇను. మైనం పొయ్యకముందు, అది అన్నానికి లోపలికెళ్ళినప్పుడు, దండి సెక్క మీద దాని పేరు నానే సెక్కినాను. సెయ్యి వణికి వంకరగా వచ్చినాది. మైనం కింద దాగున్నాది. మేళం కరిగితే గాని అగుపడదు. నానున్నా లేపోయినా ఆ పేరు ఉంటాది."

తర్వాత వీణ మీటాడు. ఒక్కటే తీగ.

నీలవేణి ఏడ్చింది. తల దించకుండానే, దాచుకోకుండా, ముఖమంతా వెలుగుతుండగా ఏడ్చింది. పైడిరాజుకి తన గొప్పతనం సంగతి ఆ కాస్తసేపూ గుర్తే రాలేదు.

"మళ్ళీ ఎయ్యి బాబూ," అంది సుభద్రమ్మ. పైడిరాజు మళ్ళీ వేశాడు.

దేవేంద్ర మాత్రం తెల్లబోయి నిలబడ్డాడు. "పైడిరాజు గారూ, వీణ నా దగ్గర లేదు. ఇతని మాట నమ్మి పొద్దున్నే చంద్రమౌళికి అప్పగించేశాను." గుమ్మంలోని కానిస్టేబుల్‌తో ప్రమోద్‌ని పట్టుకోమని చెప్పి, జీపు తియ్యమని కేకేస్తూ బయటికి పరిగెత్తాడు.

అప్పుడే బల్ల మీద ప్రమోద్ ఫోను మోగింది. తెర మీద పేరు చంద్రమౌళి. ప్రమోద్ చెయ్యి చాపేలోగా పైడిరాజు ఫోనెత్తి, స్పీకరు నొక్కి, మాట్లాడకుండా పట్టుకున్నాడు.

"ఏటయ్యా ప్రమోదూ!" అంది అవతలి గొంతు, రొప్పుతూ. "నువ్వు సెప్పినట్టే మైనం కరిగించినాను. సెక్క మీద పేరున్నాదయ్యా! వంకరటింకరగా, నీలవేణని! నాలుగు మెట్లు తీసేసరికి పనోళ్ళు నలుగురూ సూసీసినారు. ఏటి సెయ్యమంటావు, చిత్రిక పట్టీమంటావా? అదే... ఆ ఎనకాల ఎవుడయ్యా మాట్లాడతన్నాడు? ఆ గొంతు నాకు తెలుసు. ఎవుడది?"

స్పీకర్లలో నరసింగరావు రెండోసారి ఆ మాటకే వచ్చాడు. నీలవేణి కళ్ళు తుడుచుకుని, పైడిరాజు చేతిలోని ఫోను మీదకి వంగింది.

"మా నాన్నండి," అంది. "నా పేరు సెప్తన్నాడు. ఇనండి."